బ్యాటరీ సరే, ఆదా ఎవరి జేబులోకి?

మొన్న లంచ్ టైములో మా టీములో ఒకతనికీ నాకూ పెద్ద వాదన. మొదలైంది అలాస్కా గురించిన ఒక వీడియోతో. చుట్టూ మంచు, మధ్యలో చిన్న ఊరు, ఊరి పక్కన నాలుగైదు గాలిమరలు, వాటికి కాస్త దూరంలో డీజిల్ జనరేటర్ల షెడ్డు. "గాలి ఉంది, మరలున్నాయి, ఇంకా డీజిల్ ఎందుకు తగలేస్తున్నారు బాసూ? రెండు కంటైనర్ల బ్యాటరీలు దింపితే అయిపోయె కదా" అన్నాడు. "అంత తేలికైతే ఈపాటికి అన్ని ఊళ్ళలోనూ దింపేసుండేవాళ్ళుగా" అన్నాను నేను. నిజం చెప్పొద్దూ, అప్పటికి నాకూ ఏమీ తెలీదు. ఎదురు చెప్పాలి కాబట్టి చెప్పాను. ఆ పరువు నిలబెట్టుకోడానికి శని, ఆదివారాలు రెండూ దీని మీదే కూచున్నాను.

ముందే చెప్పేస్తున్నా, నేను ఎలక్ట్రికల్ మనిషిని కాదు. కోడు రాసుకుని బతికేవాణ్ణి. తెలిసినవాళ్ళు ఎవరైనా ఈ టపా చదివి తప్పులు కనిపిస్తే మొహమాటపడకుండా వ్యాఖ్యల్లో దులిపెయ్యండి. కానీ చదివిన కొద్దీ నాకు ఒకటి మాత్రం బలంగా అనిపించింది. బ్యాటరీ పెట్టడం ఇప్పుడు పెద్ద ఇంజనీరింగు సమస్యేమీ కాదు. అసలు ముడి రెండు చోట్ల ఉంది. ఒకటి, పాడైతే ఎవరు బాగుచేస్తారు. రెండు, మిగిలిన డబ్బు ఎవరికి మిగులుతుంది. ఈ రెండూ తేల్చకుండా బ్యాటరీ దింపితే, ఆ ఊరివాళ్ళకి ఇంకో పెద్ద ఇనప్పెట్టె దక్కుతుంది, అంతే.

మొదట ఆ ఊళ్ళ సంగతి చెప్పాలి. మనకి కరెంటు పోయిందంటే ఎక్కడో సబ్‌స్టేషన్‌లో ఏదో అయిందని అర్థం. మన ఊరి తీగ ఎక్కడికో కలిసే ఉంటుంది. అలాస్కాలో మూలవాసుల ఊళ్ళు చాలావాటికి ఆ కలిసే తీగ లేదు, రోడ్డు కూడా లేదు. ప్రతి ఊరూ తనకు తానే ఒక గ్రిడ్డు. బేరింగ్ సముద్రం వైపు కస్కోక్విమ్ నది సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో కొంగిగనక్ అనే యూపిక్ ఊరుంది. జనం ఐదొందల లోపు. వెళ్ళాలంటే చిన్న విమానం, లేదా పడవ, చలికాలంలో మంచు మీద నడిచే బండి. వేసవిలో బార్జిలో డీజిల్ వస్తుంది. వచ్చిందాన్ని ట్యాంకుల్లో నింపుకుని చలికాలమంతా దాంతోనే గడపాలి. అంటే ఏడాది సరుకు ఒక్కసారే కొనాలి, అదీ ఆ రోజున్న ధరకి. తర్వాత ప్రపంచంలో డీజిల్ ధర పడిపోయినా వీళ్ళకి ఒరిగేదేమీ లేదు. మనం ఇంటికి ఏడాది బియ్యం ఒకేసారి కొంటాం గదా, అలాగన్నమాట. కాకపోతే ఇక్కడ బియ్యం అయిపోతే పక్కింటికి వెళ్ళి అడిగే వీలు లేదు.

కొంగిగనక్, క్విగిల్లింగాక్, టుంటుటూలియాక్, కిప్నక్ అనే నాలుగు ఊళ్ళు కలిసి చనినిక్ విండ్ గ్రూప్ అని ఒకటి పెట్టుకున్నాయి. కొత్త మరలు కొనే స్తోమత లేక డెన్మార్కు తయారీ పాత మరల్ని బాగుచేయించి నిలబెట్టారు. కొంగిగనక్‌లో అలాంటివి ఐదు, ఒక్కోటి 95 కిలోవాట్లు. గాలి బాగా వీచినప్పుడు ఊరి సగటు వాడకం కన్నా మరల నుంచి వచ్చేదే ఎక్కువ. మరింకేం, డీజిల్ ఆపెయ్యొచ్చుగా? మా వాడి ప్రశ్న సరిగ్గా ఇదే.

ఆపలేరు. ఎందుకంటే గాలి మాట మీద నిలబడదు. ఈ నిమిషం వీచి, వచ్చే నిమిషం పడిపోతుంది. ఆ తేడాని అప్పటికప్పుడు ఎవరో ఒకరు పూడ్చకపోతే ఫ్రీక్వెన్సీ జారిపోయి ఊరంతా చీకటి. అందుకని అవసరం ఉన్నా లేకున్నా ఒక డీజిల్ ఇంజను తిరుగుతూనే ఉండాలి. పోనీ దాన్ని మరీ తక్కువ లోడు మీద తిప్పుదామా అంటే అదీ కుదరదు. సామర్థ్యంలో సుమారు 30 శాతం కన్నా కిందకి దించి గంటల తరబడి నడిపితే ఇంధనం సరిగ్గా కాలక, మసి పట్టి ఇంజను పాడవుతుంది. కాబట్టి ఇంజనుకి ఆ 30 శాతం మేపాల్సిందే. మిగిలిన చోటే గాలికి. గాలి ఇంకా ఎక్కువ వస్తే మరల్ని ఆపెయ్యాలి, లేదా ఆ కరెంటుని ఎక్కడో వేడి రూపంలో పారబోయాలి. ఉచితంగా వచ్చే గాలిని వదిలేసి, ప్రాణం పెట్టి కొన్న డీజిల్ కాల్చడం. మా ఇంజనీర్ల భాషలో చెప్పాలంటే, ఎప్పుడో క్రాష్ అవుతుందేమోనని ఇరవైనాలుగ్గంటలూ రెండో సర్వర్ నడపడం లాంటిది. అదీ తాగే కొద్దీ తాగే సర్వర్.

ఇక్కడ బ్యాటరీ వస్తుంది. అయితే మనం అనుకునే బ్యాటరీ కాదిది. మనకి బ్యాటరీ అంటే ఇంట్లో ఇన్వర్టరే. కరెంటు పోతే మూడు నాలుగు గంటలు రెండు ఫ్యాన్లు, నాలుగు లైట్లు నడుపుతుంది. అందుకే "ఆ బ్యాటరీ ఊరికి ఎన్ని గంటలొస్తుంది?" అని అడుగుతాం. కోట్జబ్యూ లెక్క చూస్తే ఈ ప్రశ్నే తప్పని తెలుస్తుంది.

కోట్జబ్యూ ఆర్కిటిక్ వలయానికి కాస్త పైన ఉంది. ఇన్యుపియాట్ జనమే ఎక్కువ. సుమారు మూడు వేల జనాభా, ఆ చుట్టుపక్కల అదే పెద్ద ఊరు. కరెంటు కంపెనీ సహకార సంఘం, అంటే వాడేవాళ్ళే యజమానులు. 1997లో మూడు చిన్న మరలతో మొదలుపెట్టారు, ఒక్కోటి 66 కిలోవాట్లు. 2012లో 900 కిలోవాట్లవి రెండు పెట్టారు. 2015లో లిథియం-అయాన్ బ్యాటరీ కంటైనర్ తెచ్చారు. అందులో నిలవుండేది సుమారు 950 కిలోవాట్ అవర్లు, ఒకేసారి ఇవ్వగలిగేది సుమారు 1.2 మెగావాట్లు. ఊరి సగటు వాడకం రెండున్నర మెగావాట్ల చుట్టూ ఉంటుంది. అంటే ఆ బ్యాటరీ నిండా ఉన్నా ఒంటరిగా ఊరిని మొయ్యలేదు. మోసినా ఇరవై నిమిషాల పైన కాస్త.

ఇరవై నిమిషాల బ్యాటరీ దేనికి? నాకూ మొదట నవ్వొచ్చింది. కానీ ఆలోచిస్తే అదే అసలు కిటుకు. ఆగి ఉన్న డీజిల్ ఇంజనుని లేపి, వేడెక్కించి, గ్రిడ్డుకి కలపడానికి కొద్ది నిమిషాలు చాలు. ఆ కొద్ది నిమిషాలు ఎవరైనా భుజం కాస్తే, "ఎందుకైనా మంచిది" అని తిప్పుతున్న అదనపు ఇంజనుని ఆపెయ్యొచ్చు. గాలి తగ్గితే బ్యాటరీ ముందుకొస్తుంది, ఈలోపు ఇంజను లేస్తుంది. బ్యాటరీ చేసే పని కరెంటు దాచడం కన్నా సమయం కొనడం. కోట్జబ్యూ లాంటి పెద్ద ఊళ్ళో ఇది ఒక ఇంజనుని తగ్గిస్తుంది. కొంగిగనక్ లాంటి చిన్న ఊళ్ళో, మరలు వాడకం కన్నా పెద్దవైనచోట, మొత్తం డీజిల్ షెడ్డునే కొన్ని గంటలపాటు నిశ్శబ్దం చెయ్యొచ్చు. అయితే దానికి బ్యాటరీ వెనకున్న ఇన్వర్టరు తనంతట తానే ఫ్రీక్వెన్సీ, వోల్టేజీ నిలబెట్టగలిగే రకం అయ్యుండాలి. వేరేవాళ్ళు వేసే తాళానికి చప్పట్లు కొట్టే రకం అయితే, తాళం వేసే డీజిల్ ఆగగానే అదీ ఆగిపోతుంది.

డీజిల్ ఆపడానికి బ్యాటరీ ఒక్కటే దారి అని కూడా కాదు. బేరింగ్ సముద్రం మధ్యలో సెయింట్ పాల్ అనే దీవిలో, అక్కడి ఉనంగన్ మూలవాసుల కంపెనీ 1999లో ఒక 225 కిలోవాట్ల మర పెట్టుకుంది. తన భవన సముదాయానికి బ్యాటరీ లేకుండానే గాలి బాగున్నప్పుడు డీజిల్ ఆపి నడిపింది. మరకి చాలా మిగులు ఉండటం, ఆ మిగులుని నీళ్ళు కాచడానికి మళ్ళించడం, వోల్టేజీ నిలబెట్టడానికి ఇంకో తిరిగే యంత్రం ఉండటం, ఇదీ వాళ్ళ సూత్రం. చెప్పొచ్చేదేమంటే, బ్యాటరీ అనగానే అదే సర్వరోగ నివారిణి అని ఎగబడక్కర్లేదు.

పనిలో పనిగా వేడి సంగతి కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే మనలాంటి ఉక్కపోత దేశంవాళ్ళకి ఇది తట్టదు. నాకైతే అస్సలు తట్టలేదు. ఆ ఊళ్ళలో కరెంటు బిల్లు కన్నా ఇల్లు వేడిగా ఉంచుకునే నూనె ఖర్చే చాలాసార్లు ఎక్కువ. చనినిక్ ఊళ్ళవాళ్ళు చేసిన తెలివైన పని ఏమిటంటే, మిగులు గాలి కరెంటుని కొన్ని ఇళ్ళలో పెట్టిన ఎలక్ట్రిక్ పొయ్యిల్లోకి పంపారు. వాటిలో పింగాణీ లాంటి ఇటుకలుంటాయి. గాలి ఎక్కువున్నప్పుడు ఇటుకలు కాలి, తర్వాత నెమ్మదిగా వేడిని వదుల్తాయి. ఆ కరెంటుని యూనిట్‌కి 10 సెంట్ల చుట్టూ, అంటే నూనె కన్నా చవగ్గా అమ్మారు. ఇటుక కూడా బ్యాటరీయే కదా, మరీ చవకైన బ్యాటరీ!

దీనికో రెండో వైపుంది. చాలా ఊళ్ళలో డీజిల్ ఇంజను చుట్టూ తిరిగే వేడినీళ్ళని ఊరికే పోనివ్వరు. పైపుల ద్వారా నీళ్ళ ట్యాంకు షెడ్డుకో, బడికో పంపి వేడి చేస్తారు. ఇప్పుడు బ్యాటరీ పెట్టి "డీజిల్ ఆపేశాం, భలే" అని చప్పట్లు కొట్టుకుంటే, అక్కడ మంచినీళ్ళ వ్యవస్థకి వచ్చే వేడి ఆగిపోతుంది. గడ్డకట్టిన పైపు పగిలితే ఆదా అయిన డీజిల్ డబ్బు ఏ మూలకీ రాదు. కాబట్టి డీజిల్ ఆపాలంటే ఆ వేడికి ఇంకో దారి, ఒక ఎలక్ట్రిక్ బాయిలరో మరోటో, ముందే వెయ్యాలి. మా ఫీల్డులో పాత కోడులో "ఇది పనికిరాని ఫంక్షన్" అనుకుని తీసేస్తే ఇంకెక్కడో బిల్లింగు ఆగిపోతుందే, అచ్చం అదే. పాత వ్యవస్థ పైకి కనపడని పనులు చాలా చేస్తుంటుంది.

సరే, ఇవన్నీ పరిష్కారం ఉన్న చిక్కులే. ఇప్పుడు నేను మొదట్లో చెప్పిన రెండు ముళ్ళకి వద్దాం.

మొదటిది, బాగుచెయ్యడం. బేరింగ్ జలసంధి ఒడ్డున వేల్స్ అనే చిన్న ఇన్యుపియాట్ ఊరుంది. 2000 ప్రాంతంలోనే అక్కడ రెండు మరలు, నికెల్-కాడ్మియం బ్యాటరీలు, వాటి మీద కంప్యూటర్ కంట్రోలు, అన్నీ కలిపి డీజిల్ పూర్తిగా ఆపగలిగే వ్యవస్థ పెట్టారు. అమెరికా జాతీయ పునరుత్పాదక ఇంధన ప్రయోగశాల చేతి పని. అంటే పాతికేళ్ళ కిందటే సాధ్యమని చేసి చూపించారు. సాంకేతికంగా గొప్ప పని, కాదనను. కానీ అది నిలవలేదు. కొన్నేళ్ళకే మూలపడింది. అలాంటిది ప్రపంచంలో ఒకటే ఉంటే, దాని గుట్టు తెలిసినవాళ్ళు వేల మైళ్ళ దూరంలో ఉంటే, చలికాలంలో ఒక కార్డు కాలిపోతే ఏమవుతుందో ఊహించండి. విమానం రావాలంటే వాతావరణం బాగుండాలి. వాతావరణం బాగాలేనప్పుడే కదా కార్డు కాలేది. ఊళ్ళో ఉన్న ఆపరేటరుకి తెలిసిన నమ్మకమైన యంత్రం డీజిల్ ఇంజను. చేతులతో విప్పి బిగించగలడు. కాబట్టి మిగతావన్నీ ఆపేసి దాన్నే నడుపుతాడు. అతన్ని తప్పుపట్టడానికి నాకు నోరు రావట్లేదు. రాత్రి రెండింటికి ఫోన్ మోగితే, ఏడాది కిందట మానేసినవాడు రాసిన అందమైన కోడు జోలికి పోకుండా పాత వెర్షనుకి వెనక్కి తిప్పేసి పడుకున్నవాణ్ణే నేనూనూ.

కోట్జబ్యూలో కూడా లిథియం కన్నా ముందు జింక్-బ్రోమిన్ రకం ఫ్లో బ్యాటరీ ఒకటి ప్రయత్నించి చేతులు కాల్చుకున్నారు. కానీ వాళ్ళకి సొంత సిబ్బంది, సొంత వర్క్‌షాపు, పదిహేనేళ్ళకి పైగా మరలతో తంటాలు పడిన అనుభవం ఉన్నాయి. అందుకని తట్టుకుని రెండోది పెట్టారు. ఐదొందల మంది ఊరికి రెండో ఛాన్సు ఉండదు. అందుకే నా అభిప్రాయం ఇది: చిన్న ఊరికి కొత్తరకం, ప్రయోగదశలో ఉన్న బ్యాటరీ ఇవ్వకండి. ఎక్కడపడితే అక్కడ దొరికే మామూలు రకం ఇవ్వండి. చుట్టుపక్కల పది ఊళ్ళకీ ఒకే రకం ఇవ్వండి, ఒకచోటి విడిభాగం ఇంకోచోట పనికొస్తుంది, ఒకరికి తెలిసింది ఇంకొకరికి చెప్పొచ్చు. కంట్రోలు పాడైనా ఒక స్విచ్చి తిప్పితే పాత డీజిల్ పద్ధతికి వచ్చేలా ఉండాలి. బ్యాటరీ ధరలో కొంత తీసి ఊళ్ళో ఇద్దరికి జీతమిచ్చి శిక్షణ ఇవ్వండి. ఒకడికి కాదు, ఇద్దరికి. ఎందుకంటే ఆ ఒక్కడూ వేటకో, చేపలకో వెళ్ళిన రోజునే అది ఆగుతుంది.

ఇక రెండోది, డబ్బు. దీని గురించి చదివాక నాకు ఆదివారం నిద్ర పట్టలేదు.

అలాస్కాలో పవర్ కాస్ట్ ఈక్వలైజేషన్ అని ఒక సబ్సిడీ ఉంది. 1980ల మధ్యలో మొదలైంది. నగరాల వైపు రాష్ట్రం డబ్బుతో జలవిద్యుత్ కేంద్రాలు, తీగలు కట్టారు, అక్కడ కరెంటు చవకయింది. ఆ తీగలు అందని ఊళ్ళకి న్యాయం చెయ్యడానికి ఈ సబ్సిడీ. ఇప్పుడు 190కి దగ్గరగా ఊళ్ళకి అందుతోంది. ఇళ్ళకి నెలకి 500 యూనిట్ల దాకా ఇచ్చేవాళ్ళు, 2022లో 750కి పెంచారు. బడులకి, దుకాణాలకి రాదు. చాలా అవసరమైన పథకం, అందులో సందేహం లేదు. ఇది లేకపోతే చాలా ఇళ్ళలో లైటు వెలగదు.

కానీ దాని సూత్రం చూడండి. కాస్త సరళం చేసి చెబుతున్నాను. యూనిట్ తయారీకి అయ్యే ఖర్చులోంచి యాంకరేజ్, ఫెయిర్‌బ్యాంక్స్, జూనో నగరాల సగటు ధర తీసేస్తారు. మిగిలినదాంట్లో, ఒక పరిమితి దాకా, 95 శాతం రాష్ట్రం ఇస్తుంది.

లెక్క వేద్దాం. ఉదాహరణకి ఊళ్ళో యూనిట్ ఖర్చు 60 సెంట్లు, నగరాల సగటు 20 సెంట్లు అనుకుందాం. తేడా 40. అందులో 95 శాతం, అంటే 38 సెంట్లు సబ్సిడీ. ఇంటివాళ్ళు కట్టేది 22 సెంట్లు. ఇప్పుడు ఊరివాళ్ళు కష్టపడి మరలు పెట్టారు, బ్యాటరీ పెట్టారు, ఖర్చు 60 నుంచి 50కి దించారు. తేడా 30, సబ్సిడీ 28.5 సెంట్లు. ఇంటివాళ్ళు కట్టేది 21.5.

చూశారా? పది సెంట్లు ఆదా చేస్తే ఇంటికి మిగిలింది అర సెంటు. తొమ్మిదిన్నర సెంట్లు సబ్సిడీ నిధికి మిగిలాయి. బడికి, దుకాణానికి మేలు జరిగింది, అది నిజమే. 750 యూనిట్లు దాటి వాడేవాళ్ళకీ జరిగింది. కానీ మామూలు ఇంటికి? చలిలో మర ఎక్కి బోల్టులు బిగించింది ఊరు, లాభం రాష్ట్ర రాజధానిలోని ఖాతాకి. ఇందులో ఎవరి కుట్రా లేదు. పెట్టినవాళ్ళు మంచి మనసుతోనే పెట్టారు. కానీ సూత్రం రాసేటప్పుడు "ఊరు తన ఖర్చు తానే తగ్గించుకుంటే?" అనే కేసు ఎవరూ రాయలేదు. మాకు బాగా తెలిసిన జబ్బే ఇది, టెస్టింగులో వదిలేసిన కేసు.

ఈ ముడిని షంగ్‌నాక్, కోబక్ అనే రెండు ఇన్యుపియాట్ ఊళ్ళు కొత్త రకంగా విప్పాయి. కోబక్ నది మీద ఎగువన ఉంటాయి. నదిలో నీళ్ళు తగ్గి బార్జి రాలేక డీజిల్ విమానాల్లో తెచ్చుకునే పరిస్థితి. ఇక్కడ గాలి కాదు, ఎండ. 2021లో సుమారు 225 కిలోవాట్ల సోలార్ పలకలు, వాటితో బ్యాటరీలు పెట్టారు. ఆ వేసవి ఎండకి (అక్కడ వేసవిలో సూర్యుడు దాదాపు అస్తమించడు) డీజిల్ గంటల తరబడి ఆగుతోంది. అయితే నాకు నచ్చింది పలకలు కాదు, కాగితాలు. పలకలకీ బ్యాటరీకీ యజమాని కరెంటు కంపెనీ కాదు, ఆ ఊళ్ళ గిరిజన మండళ్ళే. వాళ్ళు స్వతంత్ర ఉత్పత్తిదారులుగా ఆ కరెంటుని గ్రామీణ సహకార విద్యుత్ సంస్థకి అమ్ముతారు. ధర ఎంతంటే, ఆ కరెంటు వల్ల తప్పిన డీజిల్ ఖర్చుకి దగ్గరగా. కంపెనీ ఖర్చు పెద్దగా తగ్గలేదు కాబట్టి సబ్సిడీ తగ్గదు. డీజిల్ కోసం బయటికి పోయే డబ్బు ఊరి ఖాతాలో పడుతుంది. కెనడా యూకాన్‌లో ఓల్డ్ క్రో అనే గ్విచిన్ ఊరివాళ్ళూ 2021లో అదే దారి పట్టారు. 940 కిలోవాట్ల సోలార్, 616 కిలోవాట్ అవర్ల బ్యాటరీ, సొంతదారు వాళ్ళ మూలవాసీ ప్రభుత్వం, కరెంటు కంపెనీతో 25 ఏళ్ళ అమ్మకం ఒప్పందం.

దీనికి మా వాడు వెంటనే ఒక అభ్యంతరం లేపాడు (సోమవారం లంచ్‌లో రెండో రౌండు జరిగిందిలెండి). "అంటే సబ్సిడీ తగ్గకుండా చూసుకునే అతితెలివేగా ఇది? పైగా ఇంటి బిల్లు ఒక్క సెంటు కూడా తగ్గలేదుగా?" అన్నాడు. రెండూ న్యాయమైన ప్రశ్నలే. రెండోదానికి ముందు జవాబు. అవును, బిల్లు తగ్గదు. కానీ పాత పద్ధతిలో తగ్గేది మాత్రం ఎంత? అర సెంటు. దాని బదులు ఊరంతటికీ కలిపి ఏటా ఒక ఆదాయం వస్తే, అందులోంచే బ్యాటరీ బాగుచేయించొచ్చు, ఆపరేటరుకి జీతమివ్వొచ్చు, పదేళ్ళ తర్వాత బ్యాటరీ ముసలిదైతే కొత్తది కొనడానికి దాచొచ్చు. నా మొదటి ముడి కూడా దీంతోనే విడుతుంది. వేల్స్‌లో లేనిది సరిగ్గా అదే, చెడినప్పుడు పర్సు తీసే యజమాని ఊళ్ళోనే ఉండటం.

మొదటిదానికి జవాబు. నగరాలకి ఆనకట్టలు కట్టి ఇచ్చినప్పుడు "మీ బిల్లు తగ్గింది కాబట్టి ఆ తగ్గింది వెనక్కివ్వండి" అని ఎవరైనా అడిగారా? మరి ఊరివాడు తన గాలితో తగ్గించుకుంటే మాత్రం 95 శాతం వెనక్కెందుకు? మనకీ సబ్సిడీల గురించి వాదించుకోవడం కొత్తేమీ కాదు. 2004లో మన దగ్గర వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చినప్పటి నుంచీ ఇరువైపులా అరుచుకుంటూనే ఉన్నాం. ఇవ్వాలా వద్దా అనే దగ్గరే మన వాదన ఆగిపోతుంది. తీసుకునేవాడు రేపు తన కాళ్ళ మీద తను నిలబడబోతే ఈ సూత్రం అతనికి చెయ్యి అందిస్తుందా, కాలు పట్టి లాగుతుందా అని అడిగేవాళ్ళు తక్కువ. నా మట్టుకు నాకు ఏ సబ్సిడీనైనా కొలవాల్సిన బద్ద అదే.

పైగా సబ్సిడీ నిధి కూడా రాతి మీద చెక్కిందేమీ కాదు. 2021లో రాష్ట్ర బడ్జెట్ గొడవలో ఈ నిధినే ఊడ్చెయ్యబోతే కోర్టు అడ్డుపడి, కుదరదని తీర్పిచ్చింది. కేంద్రం డబ్బు సంగతీ అంతే. కిప్నక్ ఊరికి నది ఒడ్డు కోతని ఆపడానికి మంజూరైన 2 కోట్ల డాలర్ల గ్రాంటుని 2025 మే నెలలో అమెరికా పర్యావరణ సంస్థ రద్దు చేసింది. అదే ఏడాది అక్టోబరులో హాలాంగ్ తుపాను శేషం వచ్చి కిప్నక్, క్విగిల్లింగాక్‌లని ముంచేసింది. ఇళ్ళు పునాదుల మీంచి లేచి మనుషులతో సహా కొట్టుకుపోయాయి. వందల మందిని హెలికాప్టర్లలో, విమానాల్లో దూరంగా తరలించారు. గ్రాంటు ఉండుంటే మాత్రం ఆ అక్టోబరుకల్లా గట్టు లేచేదా అంటే, లేచేది కాదు. ఆ మాట దాచి వాదించడం నాకిష్టం లేదు. కానీ ఒకటి గమనించండి. ఈ రెండూ చనినిక్ గుంపులో ఉన్న ఊళ్ళే. పాత మరలు తెచ్చి, ఇటుకల పొయ్యిలు పెట్టి, తమ గాలిని తాము వాడుకోవడం నేర్చుకున్నవాళ్ళు. ఎంత తెలివిగా గ్రిడ్డు నడుపుకున్నా కాళ్ళ కింద నేలని బ్యాటరీ కాపాడలేదు.

"మరైతే అలాంటి చోట బ్యాటరీలు పెట్టడం దండగేగా, ఊరినే లేపి వేరేచోట పెట్టొచ్చుగా?" అనేవాళ్ళున్నారు. వెళ్ళాలా వద్దా అన్నది అక్కడివాళ్ళు తేల్చుకోవాల్సిన మాట, బెంగుళూరులో కూచుని నేను చెప్పేది కాదు. ఒకటి మాత్రం చెప్పగలను. కంటైనర్‌లో ఉన్న బ్యాటరీని బార్జి ఎక్కించి ఇంకోచోటికి తీసుకెళ్ళొచ్చు. పని నేర్చుకున్న ఆపరేటరు ఎక్కడికెళ్ళినా ఆపరేటరే. ఊరి పేరు మీదున్న ఒప్పందం, ఊరి ఖాతాలో ఉన్న డబ్బు ఊరితో పాటే వెళ్తాయి. కంపెనీ పేరు మీదున్నవి వెళ్ళవు. ఆస్తి ఎవరి పేరు మీద ఉందన్నది ఇక్కడ కూడా లెక్కలోకొస్తుంది.

మొత్తమ్మీద నా లిస్టు ఇదీ. ఏ ఊరికైనా బ్యాటరీ ఇచ్చేముందు అడగాల్సిన ప్రశ్నలు, ఈ వరసలోనే:

1. ఎవరి పేరు మీద ఉంటుంది?
2. మిగిలిన డబ్బు ఎవరి ఖాతాలో పడుతుంది?
3. చలికాలం అర్ధరాత్రి ఆగిపోతే ఎవరు లేస్తారు, వాళ్ళకి జీతం ఎవరిస్తారు?
4. డీజిల్ ఆగితే ఆగిపోయే ఇంకేమైనా ఉందా (వేడినీళ్ళ పైపులు గుర్తున్నాయిగా)?
5. ఎన్ని కిలోవాట్ అవర్లు?

మనవాళ్ళు, అంటే మా ఇంజనీర్లు, ఐదోదాంతో మొదలుపెట్టి అక్కడే ఆగిపోతాం. ఎందుకంటే దానికి స్ప్రెడ్‌షీటులో జవాబొస్తుంది. మిగతా నాలుగింటికీ ఊరివాళ్ళతో కూచుని మాట్లాడాలి.

అన్నట్టు, వాదనలో ఎవరు గెలిచారని అడుగుతారేమో. రెండో రౌండు చివర్లో మా వాడు కాసేపు ఆలోచించి, "రెండు కంటైనర్లు దింపితే అయిపోతుందన్నా కదా, వెనక్కి తీసుకుంటున్నా. దింపాక మొదలవుతుంది" అన్నాడు. కాఫీ డబ్బులు మాత్రం నాతోనే కట్టించాడు.